ఛానల్ మార్చిందెవరు

గుబులమ్మ అన్నది ఆవిడ పేరు కాదు. పెద్దాసుపత్రి దుప్పట్ల గదిలో పద్దెనిమిదేళ్ళుగా కరెంటు కుట్టుమిషను తొక్కుతున్న మనిషికి, పక్కగదిలో ఉతుకు యంత్రాలు నడిపే డ్రమ్ము పెట్టిన పేరు. డ్రమ్ముకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. అతన్ని ఒకసారి చూసినవాళ్ళు ఎందుకు పెట్టారని మాత్రం అడగరు.

"పొద్దున తాళం మూడుసార్లు లాగి చూశావా అక్కా?" అని పలకరిస్తాడు రోజూ.

"నాలుగు," అంటుంది ఆవిడ. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

భయస్తులంటే లోకానికి చులకన. ధైర్యం గురించి సూక్తులు క్యాలెండర్ల మీద కూడా దొరుకుతాయి, భయం గురించి ఒక్కటీ దొరకదు. కానీ ఆ గదిలో గుబులమ్మకు జీతం ఇచ్చేది భయపడినందుకే. చిరిగిన దుప్పటిని ఎవరైనా కుడతారు. ఆవిడ చిరగని దుప్పటిని కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుని, వెలుతురు ఎక్కడ ఎక్కువగా దూరి వస్తుందో చూసి, వచ్చే నెల చిరగబోయే చోట ఇవాళే అతుకు వేస్తుంది. రోగిని దుప్పటితో సహా ఎత్తి ఈ మంచం మీంచి ఆ మంచం మీదకు మారుస్తుండగా అది నడిమధ్యన చీలితే ఏమవుతుందో ఆవిడ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే చూసింది. చూసినవాళ్ళు నలుగురు. మిగతా ముగ్గురూ మర్చిపోయారు.

ఇప్పుడు చెప్పబోయే భయం దుప్పట్లది కాదు. ఇంట్లో ఉన్న వదినది.

వదిన అంటే ఆవిడ భర్తకు అక్క. అరవై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు, "లైను ఖాళీ లేదు" అని చెప్పేది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పైమూడేళ్ళు ఉద్యోగం. బోర్డు ముందు కూర్చుని, ఒక చేత్తో ప్లగ్గు తీసి, ఇంకో చేత్తో ప్లగ్గు పెట్టి, ఈ ఊరి గొంతును ఆ ఊరి చెవికి కలిపిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు ఈడుస్తూ నడుస్తుంది. మాట పోయింది. మొత్తం పోలేదు, ఒక్కటి మిగిలింది: "నంబర్ ప్లీజ్."

డాక్టరు దీనికి కారణం చెప్పాడు. ఆలోచించి మాట్లాడే మాటలకు మెదడులో ఒక చోటు, నోటికి అరిగిపోయిన మాటలకు ఇంకో చోటు ఉంటాయట. మొదటిది మూతపడింది. రెండోదాంట్లో ఈ ముక్క దొరికింది. వదిన ఆ ఒక్క ముక్కతోనే ఇల్లు నడుపుతుంది. టీలో చక్కెర ఎక్కువైతే ఒక నంబర్ ప్లీజ్. కిటికీ మూయమంటే ఒకటి. తమ్ముడి మీద కోపమొస్తే ఒకటి, సాగదీసి. మొత్తం ఐదు రకాలు. గుబులమ్మ ఐదూ గుర్తుపడుతుంది, గార్డు మూడే.

గార్డు అంటే భర్త. గూడ్సు బండికి గార్డు. వారంలో నాలుగు రోజులు చివరి పెట్టెలోనే కాపురం. బండి తోక దీపం వెలుగుతోందా లేదా చూసుకోవడం, స్టేషన్ల మధ్య సిగ్నల్ కోసం గంటలు గంటలు పడి ఉండడం అతని ఉద్యోగం. నెమ్మదస్తుడు. ఇల్లు అంటుకుందని చెప్పినా, "ఏ గది?" అని అడిగే రకం.

"వదినగారిని కన్నతల్లిలా చూసుకుంటున్నావమ్మా," అని చుట్టాలు మెచ్చుకుంటారు. గుబులమ్మకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. వదిన తల్లి కాదు, వదినే. వంటగదిలో కత్తిపీట ఎడమవైపు ఉండాలా, కుడివైపు ఉండాలా అన్న తగవు వాళ్ళ మధ్య పదహారేళ్ళుగా తేలలేదు. పక్షవాతం వచ్చాక కూడా వదిన ఎడమచేత్తో దాన్ని ఎడమవైపుకే లాగిపెడుతుంది. ఒకరంటే ఒకరికి పడిచచ్చేంత ప్రేమేమీ లేదు. కానీ పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆ మనిషి మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. పడిపోతే? పిలవడానికి గొంతు లేదు. ఈ ప్రశ్నకు ప్రేమతో పనిలేదు.

చేయగలిగినవన్నీ చేశారు. తోడుగా ఒకావిడను పెడితే, నాలుగో రోజు వదిన ఆవిణ్ణి బయటికి పంపి తలుపు వేసేసింది. ఫోను చేస్తే ఎత్తదు. ముప్పైమూడేళ్ళు ఫోన్లో గొంతుతో బతికిన మనిషి, గొంతు పోయాక ఫోను మోగితే దిండు కింద పెడుతుంది. ఎవరైనా తలుపు కొట్టినా తీయదు. గార్డు గోడకు చిన్న కెమెరా బిగిస్తే దానిమీద తువ్వాలు వేసింది. తువ్వాలు తీస్తే కెమెరాను గోడవైపు తిప్పింది. మూడోరోజు అది చెత్తబుట్టలో దొరికింది. ఎక్స్ఛేంజిలో సూపర్వైజర్లు వెనక కూర్చుని, చెప్పకుండా లైన్లోకి దూరి, ఆపరేటర్లు ఏం మాట్లాడుతున్నారో వినేవాళ్ళట. అన్నేళ్ళు వీపు మీద చెవులు మోసిన మనిషి, ఇప్పుడు నెత్తిన కన్ను మోయమంటే మోయదు.

అప్పుడు కేబుల్ మనిషి ఒక పెట్టె చూపించాడు. అరచేతి మందాన, నల్లగా ఉంది.

"ఇది టీవీ వెనక పెడతానమ్మా. ఇంట్లో నడిచే టీవీ మీ ఫోన్లో వస్తుంది. మీరు ఎక్కడున్నా సరే. ఇంట్లో ఏ ఛానల్ ఉంటే అదే ఇక్కడా. ఇంట్లో మారిస్తే ఇక్కడ మారుతుంది, మీరు ఇక్కడ మారిస్తే ఇంట్లో మారుతుంది."

"మనిషి కనిపించదు కదా?"

"మనిషెందుకు కనిపిస్తుందమ్మా, ఇది టీవీ."

"మాకు కావలసింది అదే," అంది గుబులమ్మ.

ఊళ్ళు తిరిగేవాళ్ళు ఇంటి టీవీని వెంట తీసుకుపోవడానికి కొనుక్కునే వస్తువు అది. గుబులమ్మ కొన్నది వదిన ఊపిరి చూసుకోవడానికి. వదిన ఏ ఛానల్ మీదా పది నిమిషాలకు మించి నిలవదు. ఎడమ బొటనవేలికి రిమోటు మీద ఒకే మీట అందుతుంది, కిందికి దిగే మీట. ఒక్కో ఛానల్, ఒక్కో మెట్టు, కిందికి, అడుగు దాకా. మళ్ళీ పైనుంచి. ఛానల్ మారిందంటే వేలు కదిలినట్టు. వేలు కదిలిందంటే మనిషి ఉన్నట్టు.

వదినకు ఏం చెప్పాలన్న దగ్గర ఇద్దరూ తడబడ్డారు. నిజం చెబితే ఈ పెట్టె కూడా చెత్తబుట్టలోకి పోతుంది. చివరికి గార్డు, "బొమ్మ బాగా రావడానికి అక్కా," అన్నాడు. వదిన ఆ పెట్టెను చాలాసేపు చూసింది. "నంబర్ ప్లీజ్," అంది, అనుమానం రకం. అంతటితో ఊరుకుంది.

మొగుడూ పెళ్ళాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఇద్దరి ఫోన్లలోనూ చూడొచ్చు. కానీ చూడడమే. నొక్కడం లేదు.

ఆ రోజు నుంచి కుట్టుమిషను పక్కన, దారపు ఉండల డబ్బాకు ఆనించి ఫోను నిలబడింది. చప్పుడు ఉండదు, బొమ్మే.

"ఏ సీరియలక్కా?" అన్నాడు డ్రమ్ము.

"సీరియల్ కాదు, మా వదిన."

"ఏ పాత్ర?"

గుబులమ్మ వివరంగా చెప్పింది. డ్రమ్ము నవ్వలేదు. "మా ఆవిడకు చెప్పకు. రేపే నాకు బిగిస్తుంది," అన్నాడు.

ఒప్పందాన్ని మొదట తప్పింది గుబులమ్మే. రెండో నెలలో ఒకరోజు వదిన ఏదో కత్తికోతల ఆపరేషన్ ప్రోగ్రాం దగ్గర ఆగిపోయింది. బల్ల మీద మనిషి, తెరిచిన పొట్ట. ఈ స్థితిలో ఆవిడ ఇలాంటివి చూడొచ్చా? గుబులమ్మ ఫోను మీద పాటల ఛానల్ నంబరు నొక్కేసింది. సాయంత్రం ఇంటికెళితే వదిన ఏమీ అనలేదు. అనడానికి ఆవిడ దగ్గర మాటే లేదని గుబులమ్మకు ఆ క్షణాన తట్టలేదు. తర్వాత అది అలవాటైంది. ఏడుపు సీన్లు వస్తే పాటలు. ప్రమాదాల వార్తలొస్తే పాటలు. మేలు చేస్తున్నామనుకునేవాళ్ళు ఒకసారితో ఆగరు.

గార్డు కూడా ఆగలేదు. అతనికి మ్యాచిల పిచ్చి. వేరే బండ్లకు దారి ఇస్తూ పక్క పట్టాల మీద, లూప్ లైన్లో, బండి పడి ఉన్నప్పుడు ఫోను తెరిస్తే ఇంట్లో అక్క జంతువుల ప్రోగ్రాం చూస్తూ ఉంటుంది. ఒక్క ఐదు నిమిషాలు మ్యాచి పెడితే? అక్క ఎలాగూ మార్చేస్తుంది కదా. చిన్నప్పుడు రేడియో చెవి తిప్పడానికి ఇద్దరూ కొట్టుకున్నవాళ్ళే. అందులో అతనికి తప్పు కంటే సరదానే ఎక్కువ కనిపించింది.

ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. మాట తప్పామని ఒప్పుకోవాలంటే ఎవరికీ నోరు రాదు.

ఇక ఆ రోజు. ఏదో కప్పు ఆఖరి మ్యాచి, పగటిపూట. దుప్పట్ల గదికి ఆపరేషన్ గదుల పచ్చగుడ్డలు రెండు బండ్ల నిండా వచ్చి పడ్డాయి. అన్నిటికీ నాడాలు తెగి ఉన్నాయి. గుబులమ్మ తల ఎత్తకుండా కుడుతోంది. తొమ్మిది నలభైకి ఫోనులో వాతావరణం ఛానల్. తర్వాత చూస్తే దాని కింది ఛానల్, ఏనుగులు నడుస్తున్నాయి. బాగానే ఉంది. పదింటికి చూస్తే మ్యాచి.

వదినకు ఆటలంటే గిట్టదు. వేలు తప్పి నొక్కిందేమో అనుకుంది గుబులమ్మ. పాపం అనుకుని పాటలు పెట్టింది. పది నిమిషాలకు మళ్ళీ మ్యాచి. మళ్ళీ పాటలు పెట్టింది. ఈసారి నాలుగు నిమిషాలకే మ్యాచి.

"మా వదినకు ఇవాళ హుషారుగా ఉంది," అంది డ్రమ్ముతో. ఆవిడ నోట అంత తేలికైన మాట విని డ్రమ్ము యంత్రం ఆపి మరీ చూశాడు.

"మ్యాచి చూస్తోందా? ఎవరు గెలిచేట్టున్నారు?"

"నేను చూడనిస్తే కదా."

గంటంపావు సేపు అలా నడిచింది. పాటలు, మ్యాచి, పాటలు, మ్యాచి. పదకొండుంపావుకు టీ తాగే వేళ గార్డుకు ఫోను చేసింది. సంతోషం పంచుకుందామని చేసిన ఫోను అది. ఆవిడ జీవితంలో అలాంటి ఫోన్లు తక్కువ.

"ఎక్కడున్నారు?"

"లూపులో. గంటన్నర నుంచి ఎర్రదీపమే."

"మీ అక్కను చూశారా, ఇవాళ అస్సలు కుదురుగా లేదు. ఎన్నిసార్లు ఛానల్ మార్చిందో."

గార్డు నవ్వాడు. "నాకు తెలీదా? నన్ను మ్యాచి చూడనివ్వడం లేదు. పెట్టడం ఆలస్యం, తీసి పాటలు పెడుతోంది. చిన్నప్పటి బుద్ధి ఎక్కడికి పోతుంది?"

గుబులమ్మ చేతిలో టీ కప్పు అలాగే ఉంది.

"మ్యాచి మీరు పెట్టారా?" అంది.

కప్పు మిషను పక్కన పెట్టి, ఫోనును చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఏవండీ. మ్యాచి పెట్టింది మీరా?"

"పాటలు?" అన్నాడు గార్డు.

"నేను."

గార్డు చివరిపెట్టె బయట పక్షులు అరుస్తున్న చప్పుడు వినిపించింది.

"అక్క నొక్కింది ఎప్పుడు?" అన్నాడు గార్డు. ఇరవై ఏళ్ళలో అతని గొంతు అలా ఆవిడ వినలేదు.

గుబులమ్మ వెనక్కి లెక్కపెట్టుకుంది. వాతావరణం తర్వాత ఏనుగులు, అది ఒక మెట్టు కిందికి. అది వదిన వేలే. ఆ తర్వాత అన్నీ గెంతులు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. వదిన ఎప్పుడూ గెంతదు. ఈ సంగతి తనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. దుప్పటి పోగులో చిల్లు పట్టుకునే కళ్ళు గంటంపావు సేపు తన కళ్ళముందున్న దాన్ని చూడలేదు. వదిన హుషారుగా ఉందని నమ్మాలనిపించింది, నమ్మింది. అంతే.

"తొమ్మిది నలభై అయిదుకి," అంది. "ఇప్పుడు పదకొండుంపావు దాటింది."

"వెళ్ళు," అన్నాడు గార్డు.

మిషను సూది గుడ్డలో దిగబడి ఉండగానే, స్విచ్చి కట్టకుండా లేచింది గుబులమ్మ. పద్దెనిమిదేళ్ళలో అది మొదటిసారి. డ్రమ్ము అప్పటికే స్కూటరు తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏమైందని అడగలేదు.

దారంతా ఆవిడ వెనక కూర్చుని ఒక చేత్తో అతని చొక్కా, ఇంకో చేత్తో ఫోను పట్టుకుంది. తెరమీద మ్యాచి నడుస్తోంది. ఆ మ్యాచి తన మొగుడు పెట్టింది. ఇప్పుడు ఇద్దరూ చేతులు తీసేశారు. ఇక ఛానల్ మారితే వదినే. మారు, అనుకుంది. ఒక్క మెట్టు దిగు. ఎవరో పరుగెత్తుతున్నారు, ఎవరో చప్పట్లు కొడుతున్నారు, తెరమీద జనం లేచి గంతులేస్తున్నారు. ఛానల్ మారలేదు.

బుర్రలో మాత్రం అన్నీ మారుతున్నాయి. స్నానాలగది గడప. వంటగదిలో తడినేల. ఎడమవైపు కత్తిపీట. దాన్ని కుడివైపుకు జరపమని పదహారేళ్ళుగా చెబుతూనే ఉంది. వదిన ఏనుగులను చూసి లేచి నీళ్ళకు వెళ్ళి ఉంటుంది. ఆ నీళ్ళ దగ్గరే పడి ఉంటుంది. పడి, ఇంట్లో టీవీ దానంతటదే పాటలు పాడుతుంటే, మ్యాచిలు ఆడుతుంటే, వింటూ ఉంటుంది. పిలవడానికి ఒకే ఒక ముక్క ఉంది, అది విని ఎవరూ రారు.

"అక్కా, చొక్కా చిరుగుతోంది," అన్నాడు డ్రమ్ము. వేళాకోళానికి కాదు. ఆవిడ పట్టు అంత గట్టిగా ఉంది.

కూడలిలో ఆగినప్పుడు తెర నల్లబడింది.

గుబులమ్మ ఫోనును విదిలించింది. తెర మీద సన్నటి అక్షరాలు: బొమ్మ రావడం లేదు. వెంటనే ఫోను మోగింది. గార్డు.

"నువ్వు ఆపేశావా?"

"నేను ముట్టుకోలేదు. మీరు?"

"నేనూ ముట్టుకోలేదు."

అయితే ఎవరు? కరెంటు పోయి ఉండొచ్చు. లైను తెగి ఉండొచ్చు. ఏదైనా కాలిపోయి ఉండొచ్చు. వీటిల్లో ఏదీ కాకుండా ఇంకొకటి కూడా ఉంది. కానీ అనుకుంటే ఆ ఆశ కూడా పోతుందేమోనని గుబులమ్మ అనుకోలేదు.

"పచ్చదీపం పడింది," అన్నాడు గార్డు. "బండి కదులుతుంది. నేను జెండా ఊపాలి. నేను..." మాట పూర్తి కాకుండానే ఫోను తెగిపోయింది. బండిని వదిలి దిగే హక్కు అతనికి లేదు. వెనక్కి చూసుకుంటూ, ఇంటికి దూరంగా పోవడమే ఆ పూట అతని పని.

మెట్ల దగ్గర లిఫ్టు తలుపు మీద ఎర్ర అంకె వెలుగుతోంది. గుబులమ్మ ఆ అంకెను ఒక్క క్షణం చూసింది. కరెంటు ఉంది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మూడో అంతస్తు. తాళంచెవి తాళంలో దూరలేదు. సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కించే చెయ్యి అది. మూడుసార్లు తప్పింది. డ్రమ్ము ఆవిడ చేతిలోంచి తాళంచెవి తీసుకుని తలుపు తెరిచాడు.

"వదినా."

కుర్చీ ఖాళీ. టీవీ నల్లగా ఉంది. కుర్చీ చేతి మీద రిమోటు బోర్లా పడుకోబెట్టి ఉంది, వెనక మూత తీసి. పక్కన రెండు బ్యాటరీలు, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి ఉన్నాయి. ఇవెందుకు ఇలా ఉన్నాయో గుబులమ్మకు అర్థం కాలేదు. వంటగది వైపు పరుగెత్తబోయింది.

"అక్కా, ఇక్కడ," అన్నాడు డ్రమ్ము.

టీవీ బల్ల వెనక నుంచి ఒక పాదం కనిపిస్తోంది. కుడిపాదం. వదిన గోడకూ బల్లకూ మధ్య ఇరుక్కుని నేలమీద కూర్చుని ఉంది, కాలు మడత పడి. ఎడమచేతిలో ప్లగ్గు. గోడలోంచి పీకిన ప్లగ్గు, వైరు వేళ్ళకు చుట్టుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆ కళ్ళల్లో గుబులమ్మ కోపం చూసింది, చిరాకు చూసింది, అనుమానం చూసింది. భయం ఎప్పుడూ చూడలేదు. వదిన పెదాలు కదులుతున్నాయి.

"లైన్లో ఉండండి," అంటోంది. "లైన్లో ఉండండి. లైన్లో ఉండండి."

రెండేళ్ళలో ఆ మాట ఎప్పుడూ రాలేదు. ఎక్స్ఛేంజిలో, అవతలివాళ్ళు ఎక్కడ పెట్టేస్తారోనని భయమేసినప్పుడు అనే మాట అది.

గుబులమ్మ ఆవిడ పక్కనే నేలమీద కూలబడింది. అప్పుడు బ్యాటరీల సంగతి అర్థమైంది. ఏనుగులు చూస్తుండగా టీవీ గెంతింది. వదిన రిమోటు చూసుకుంది. మళ్ళీ గెంతింది. చేతిలోంచి తీసి కుర్చీ చేతి మీద పెట్టింది. మళ్ళీ గెంతింది. ఒక్క చేత్తో, పళ్ళతో మూత తీసి, బ్యాటరీలు బయట నిలబెట్టింది. అయినా టీవీ మారింది. మారుతూనే ఉంది, గంటసేపు. డాక్టరు డిశ్చార్జి రోజున చెప్పిన మాట వదిన మర్చిపోలేదు: లేనివి కనిపిస్తే, వస్తువులు వాటంతటవే కదిలినట్టు అనిపిస్తే, పక్షవాతం రెండోసారి వస్తున్నట్టు. బయట ఇద్దరు మనుషులు ఆవిడ బతికే ఉందని సంబరపడుతున్నంతసేపూ, లోపల ఆవిడ తన బుర్ర పోతోందని చూస్తూ కూర్చుంది. చివరికి తనకు వచ్చిన పని తాను చేసింది. లైను పిచ్చిపట్టినట్టు పలుకుతుంటే ప్లగ్గు పీకాలి. లేచి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి, పీకింది. పీకాక పడింది.

"వదినా, మీ బుర్రకేం కాలేదు," అంది గుబులమ్మ. "టీవీ మార్చింది మేము. నేనూ, మీ తమ్ముడూ. ఆ నల్లపెట్టె బొమ్మ బాగా రావడానికి కాదు. మీకు అబద్ధం చెప్పాం."

వదిన కళ్ళు నమ్మలేదు. గుబులమ్మ ప్లగ్గు తీసుకుని గోడలో పెట్టింది. టీవీ మేలుకుంది. ఫోను తీసి వదిన ముఖం ముందు పట్టుకుని ఒక నంబరు నొక్కింది. టీవీ మారింది. ఇంకో నంబరు నొక్కింది. మళ్ళీ మారింది. వదిన ఫోనును చూసింది, టీవీని చూసింది, మళ్ళీ ఫోనును చూసింది. ఆపైన ఎడమచెయ్యి ఎత్తి గుబులమ్మ చెంప మీద ఒక్కటిచ్చింది.

ఆ చప్పుడు లిఫ్టు దాకా వినిపించిందని డ్రమ్ము తర్వాత అందరికీ చెప్పాడు. అతను అప్పుడు లిఫ్టు దగ్గర లేడు, గది మధ్యలోనే ఉన్నాడు. గుబులమ్మకు మాత్రం ఆ దెబ్బతోనే పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అంత గట్టిగా కొట్టే మనిషికి ఏమీ కాలేదు.

కాలు బెణికింది, అంతే. గుబులమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే ఎక్స్‌రే ఫొటో తీశారు. రెండు రోజులు అక్కడే ఉంచారు. వదిన పడుకున్న దుప్పటికి కాళ్ళ దగ్గర ఒక అతుకు ఉంది. గుబులమ్మ దాన్ని చేత్తో తడిమి, గట్టిగానే ఉందని చూసుకుని, డ్యూటీకి వెళ్ళింది.

మూడోరోజు వదినను ఇంటికి తెచ్చేసరికి గార్డు వచ్చాడు. అక్క ముందు తలవంచుకుని నిలబడ్డాడు. సాగదీసిన నంబర్ ప్లీజ్ ఒకటి పడింది. తర్వాత వదిన అతన్ని కూర్చోమని సైగ చేసి, రిమోటు తీసుకుని, గోడ గడియారం వైపు చూపించింది. పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ముగ్గురూ ఊరికే కూర్చున్నారు. రాగానే వదిన మీట నొక్కుతూ అట్టడుగు ఛానల్‌కు దిగింది. అక్కడ ఏ ప్రోగ్రామూ రాదు, ఒట్టి నీలం తెర. దాన్ని అలాగే ఉంచి, గుబులమ్మ ఫోను వైపు వేలు చూపించింది. గుబులమ్మకు అర్థం కాలేదు.

"లైను టెస్టు," అన్నాడు గార్డు మెల్లగా. "ఎక్స్ఛేంజిలో గంటగంటకూ చేసేవాళ్ళు. ఈ చివర నుంచి పలకరిస్తే ఆ చివర నుంచి పలకాలి. పలక్కపోతే లైను చచ్చినట్టు రాసుకుంటారు."

"అయితే నేను పలకాలా?"

వదిన ఆవిడ వంక, ఇంత మందబుద్ధి ఎక్కడైనా ఉందా అన్నట్టు చూసింది. గుబులమ్మ ఫోను మీద ఒక్క మెట్టు నొక్కింది. అడుగున ఉన్న నీలం పోయి, మళ్ళీ పైనుంచి మొదలై వాతావరణం వచ్చింది. వదిన తల ఊపింది.

ఇంతకాలం ఆవిడ బతికుందో లేదోనని వీళ్ళు చూశారు. బయట తిరిగే మనుషుల మీద ఆవిడకూ ఆ గుబులే ఉంటుందని ఇద్దరికీ తట్టలేదు. ఒకడు పట్టాల మీద, ఒకతి రోడ్డు మీద. ఇంట్లో కూర్చున్న మనిషికి భయపడడం తప్ప పనేముంది?

ఇప్పుడు నల్లపెట్టె టీవీ వెనక కాదు, టీవీ మీదే ఉంటుంది. అందరికీ కనబడేట్టు. గంటకొకసారి నీలం. గంటకొకసారి ఒక మెట్టు. మధ్యలో ఎవరూ ఏదీ నొక్కరు, ఏడుపు సీన్లొచ్చినా, మ్యాచొచ్చినా. ఫోన్లో బొమ్మ చూడడం కూడా గుబులమ్మ తగ్గించింది. ఏడు గంటల్లో ఏడుసార్లు, అంతే. ఒక్కోసారికీ ముందు ఉండే నిమిషం మాత్రం ఆవిడకు కుట్టు సాగదు. సూది ఎత్తి పట్టుకుని కూర్చుంటుంది. డ్రమ్ము కూడా ఆ నిమిషంలో యంత్రం చప్పుడు తగ్గిస్తాడు. తగ్గించానని ఒప్పుకోడు.

మొన్న పన్నెండయింది. నీలం రాలేదు. పన్నెండూ ఒక నిమిషం. తెరమీద ఏవో కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. పన్నెండూ రెండు. డ్రమ్ము స్కూటరు తాళం తీసి బల్ల మీద పెట్టాడు. గుబులమ్మ లేచి నిలబడింది. ఈసారి మిషను స్విచ్చి కట్టింది. అప్పుడు కొంగలు పోయాయి, ఒక్కో మెట్టూ దిగుతూ దిగుతూ తెర అడుగుకు చేరి నీలంగా నిలిచింది. ఆవిడ జవాబు నొక్కింది.

సాయంత్రం ఇంటికెళ్ళి అడిగింది. "ఆ రెండు నిమిషాలూ ఏమయ్యారు వదినా? నా ప్రాణం పోయింది."

వదిన టీ తాగుతోంది. కత్తిపీట ఎడమవైపే ఉంది. పొద్దున వెళ్తూ గుబులమ్మ కుడివైపు పెట్టి వెళ్ళింది.

"నంబర్ ప్లీజ్," అంది వదిన, కత్తిపీట వైపు చూస్తూ. ఐదు రకాల్లో అదేదీ కాదు.